పొగ రాని కుంపటి

ఆత్మకూరులో మా మేనకోడలు కరుణ ఇంటికి నేను చేరేసరికి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ తలలకు తువ్వాళ్ళు బిగించి కట్టుకుని, ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని ఒకరినొకరు జాలిగా చూసుకుంటున్నారు. బయట తుపాను ముసురు. డిపో దగ్గర బస్సు దిగి ఆటోలో వచ్చినా చీర సగం తడిసింది. తుడుచుకోవడానికి గుడ్డ అడుగుదామంటే ఇంట్లో ఉన్న తువ్వాళ్ళు వాళ్ళ తలల మీదే ఉన్నట్టున్నాయి.

"ఏందే, ఇద్దరికీ ఒకేసారి పట్టుకునింది?" అన్నాను.

"ముసురు పట్టినప్పట్నుంచీ ఇంతే అత్తా. సాయంత్రమయితే తల బరువు, కడుపులో వికారం. ఈయనకు బీపీ ఏమోనని చూపించినాం, లేదన్నారు. కళ్ళద్దాలు మార్చినాం, తగ్గలా."

"మరి నీకు?"

"ఆయన కళ్ళద్దాలు మారిస్తే నాకెట్ట తగ్గుతాది?"

మాట న్యాయంగానే ఉంది. అప్పుడు చూశాను, హాలు మధ్యలో రాజుకుని ఉన్న కుంపటిని. నల్లగా నిగనిగలాడుతోంది. కొత్తది. మిద్దె మీద కోడిని కాల్చుకోవడానికి ఆన్‌లైన్‌లో తెప్పించారట. వాన వచ్చేసరికి లోపలికి తెచ్చారు, చలికి కూడా పనికొస్తుందని హాల్లోనే నిలిపేశారు. దానితోపాటు ఒక కాగితం కూడా వచ్చింది. అందులో ఒక మంట బొమ్మ, ఒక ఇంటి బొమ్మ, ఇంటి మీద ఎర్రటి ఇంటూ గుర్తు. కింద అక్షరాలు వాళ్ళకు తెలియని భాషలో ఉన్నాయి. గచ్చుకు మసి అంటుకోకుండా ఆ కాగితాన్ని కుంపటి కింద పరిచారు. నిప్పుతో జాగ్రత్తగా ఉండమని చెప్పే కాగితాన్ని నిప్పు కింద పరిచిన ఇల్లు నా జీవితంలో ఇదొక్కటే చూశాను. అంచులు అప్పటికే గోధుమరంగుకు తిరిగాయి.

ఆ వెంటనే నా చూపు తూర్పు కిటికీ మీద పడింది. మూసి ఉంది. కరుణ తండ్రి, మా తమ్ముడు, ఈ ఇల్లు కట్టినప్పటినుంచీ ఆ కిటికీ మూసి ఉండగా నేను చూడలేదు. మా అమ్మ చివరి రోజులు ఇక్కడే గడిపింది. జడివానలో కూడా దాన్ని జానెడు తెరిచి ఉంచేది. ఇంట్లో అందరూ దాన్ని ప్రార్థన కిటికీ అనేవాళ్ళు.

"ఆ కిటికీ ఎవరు మూసినారు?"

కరుణ మొగుడు ప్రసాదు గర్వంగా తువ్వాలు సర్దుకున్నాడు. "నేనే మూసినా పెద్దమ్మా. ప్రార్థన కిటికీలో నుంచి పోతాది, మూస్తే పోదు అంటే నవ్వొస్తాది గదా. మీరే రాసినారు గదా పుస్తకంలో, కారణం చెప్పలేని అలవాటు ఇంట్లో అద్దె కట్టకుండా కూర్చున్న కాపురం, ఖాళీ చేయించండి అని. నేను ఖాళీ చేయించినా."

నా రాతలు చదివి ఆచరించిన పాఠకుడు నాకు నా కుటుంబంలోనే దొరికాడు. దొరికినవాడు ఇంకొంచెంసేపు ఆ హాల్లోనే ఉంటే దక్కేవాడు కాదు. ముందు కిటికీ తెరిచాను, తరువాత ముందు తలుపూ వెనక తలుపూ తెరిచాను. కుంపటిని పట్టకారుతో పట్టి వెనక వసారాలోకి లాగాను. వాళ్ళిద్దరినీ కూడా అక్కడికే లాక్కుపోయి కూర్చోబెట్టి, ఆ కిటికీకి కారణం ఏమిటో చెప్పాను. అప్పుడు వాళ్ళకు హడావుడిగా చెప్పినదాన్ని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ఉదయగిరిలో మా ఇల్లు దుర్గం కొండ నీడ తొందరగా పడే వీధిలో ఉండేది. చలికాలం సాయంత్రాలు మాకు ఒక గడియ ముందే వచ్చేవి. ఆ ఇంటి వాసన ఏమిటని ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను పొగ అనే చెబుతాను. అమ్మ వండేది చిల్లకంప ముళ్ళకట్టెల మీద. అది ఎండితే భగ్గున మండుతుంది, తడిస్తే మండదు, ఏడుస్తుంది, మనల్ని ఏడిపిస్తుంది. మా అన్నంలో పొగ, దుప్పట్లలో పొగ, నా బడి పుస్తకాల్లో పొగ. పలకరించకముందే మమ్మల్ని వాసన చూసి ఫలానా ఇంటి పిల్లలని చెప్పేవాళ్ళు. అమ్మ ఊదుగొట్టం నోటికి పెట్టుకుని బుగ్గలు పొంగించి ఊదేది. తల పక్కకు తిప్పి దగ్గేది. కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఊదేది. ఆమె కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి కనుక అది ఆమె కళ్ళ రంగనే నేను చాలాకాలం అనుకున్నాను.

అమ్మ వీధిలో ఆడవాళ్ళందరికీ రవికలు కుట్టేది. కుట్టుమిషను ఆమెకున్న ఒకే ఒక్క స్వతంత్ర రాజ్యం. ఆ రాజ్యంలో మా నాయన తర్కం చెల్లదు, మా అవ్వ అజమాయిషీ చెల్లదు. అయితే ఒక చలికాలం నుంచి ఆమె సూది నా చేతికిచ్చి దారం ఎక్కించమనడం మొదలుపెట్టింది. మొదట వారానికోసారి, తరువాత రోజూ. ఒకసారి చేతి పట్టీ బదులు మెడ పట్టీ కుట్టి పెట్టింది. నాయన ఆమెను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ డాక్టరు లైటు వేసి చూసి, "పొగ మానకపోతే ఈ కళ్ళకు నేనేం చేయలేనమ్మా" అన్నాడట. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మ ఒక్క మాటా మాట్లాడలేదని నాయన తరువాత చెప్పాడు. మా నాయన దృష్టిలో మాట్లాడకపోవడం కంటే పెద్ద జబ్బు లేదు.

నాయన బడిపంతులు. బాప్టిస్టు కుటుంబంలో పుట్టి, దేవుడితో పోట్లాడి చర్చికి వెళ్ళడం మానేశాడు. చర్చివాళ్ళతో పోట్లాడటం మాత్రం మానలేదు. మా అరుగు మీద సాయంత్రమైతే వాదం. ఎవరేమన్నా "ఆధారం ఏంది?" అని చెయ్యెత్తేవాడు. చారులో ఉప్పెక్కువయిందని అవ్వ అంటే దానికీ ఆధారం అడిగాడు. అవ్వ గిన్నెడు చారు ఆయన అన్నంలో కుమ్మరించి ఆధారం చూపించింది. అలాంటి మనిషి ఆత్మకూరు పోయి, ఇనుప బొగ్గుల కుంపటి కొని, బస్సు టాపు మీద వేయించుకుని తెచ్చాడు. మా వీధిలో అదే మొదటిది. ఊళ్ళో టీకొట్లవాళ్ళ దగ్గర తప్ప ఇళ్ళలో ఎవరికీ లేదు. సీతారామపురం వైపు నుంచి సైకిళ్ళ మీద బొగ్గుల గోతాలు వచ్చేవి. ఒక గోతాం దించుకున్నాం.

కుంపటి వెలిగించకముందే నాయన మమ్మల్నందరినీ వరసగా కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాడు. కిరసనాయిలు డబ్బా ఆమడ దూరంలో ఉండాలి. రాజుకున్న బొగ్గుల మీద చచ్చినా కిరసనాయిలు పోయకూడదు. కొంగు నడుముకు చెక్కుకోవాలి. కాలిన ఇనుము మీద నీళ్ళు కొట్టకూడదు. కుంపటి కింద ఇటుకలుండాలి. చాప ఉండకూడదు. బూడిదను మట్టిచట్టిలోకి ఎత్తి, ఒక రోజు ఆగి, అప్పుడు పారబోయాలి. చివరిమాటకు అవ్వ నవ్వింది.

"బూడిదంటే చచ్చిన నిప్పురా. దానికి దినం చేసేదాకా ఆగాల్నా?"

"చావలేదమ్మా, నిద్రపోతా ఉండాది."

అవ్వ ఆ మరునాడే వేడి బూడిదను తీసుకుపోయి పెంటదిబ్బ మీద పోసింది. దిబ్బ పక్కన వరిగడ్డి, గడ్డి మీద కోళ్ళగంప. మధ్యాహ్నానికి గంపకు నిప్పంటుకుంది. కోళ్ళు అప్పటికి మేతకు పోయి ఉన్నాయి కనుక బతికాయి. సాయంత్రం తిరిగొచ్చి గంప లేక మా ఇంట్లో దూరి, ఆ రాత్రి మా మంచాల మీద పడుకున్నాయి. "నిద్ర లేచిందా అమ్మా?" అని నాయన అడిగాడు. మరునాడు అవ్వ చేతిలో మట్టిచట్టి కనబడింది.

ఆ ఉపన్యాసంలో అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప. పొగ రాదు కనుక దీన్ని తలుపులేసిన గదిలో కూడా నిశ్చింతగా పెట్టుకోవచ్చని నాయనే చెప్పాడు. అదే దీని గొప్ప అని అమ్మకు చూపించాడు. అమ్మ కుంపటి పక్కన కూర్చుని, విసనకర్రతో విసురుతూ, కళ్ళు తుడుచుకోకుండా అన్నం వార్చింది. పొయ్యి దగ్గర ఏడవకుండా కూర్చున్న అమ్మను చూడటం మాకు కొత్తగా, కొంచెం వింతగా ఉంది. కట్టెల పొయ్యి ప్రమాదాన్ని అరిచి చెప్పేది. పొగ గొంతులో దూరితే మనిషి తనంతట తానే లేచి తలుపు తీస్తాడు. బొగ్గు అరవదు. ఆ తేడా మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు, ఆధారం అడిగే మనిషితో సహా.

మంగళవారం సాయంత్రాల్లో చర్చి సంఘంవాళ్ళు వంతులవారీగా ఇళ్ళల్లో ప్రార్థన కూడిక పెట్టేవాళ్ళు. మా వంతు ముసురులోనే వచ్చింది. కూడిక అవ్వ కోసం. నాయన ఆ రోజుల్లో నిరసనగా అరుగు మీద పుస్తకం పట్టుకుని కూర్చునేవాడు. వానైనా నిరసన మానలేదు. గొడుగు కింద కూర్చుని చదివాడు. లోపల ఇరవై మందికి సరిపోని గదిలో అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. చలిగాలి కొడుతోందని కిటికీ మూసి సందుల్లో గోనెపట్టాలు కుక్కారు. తలుపు దగ్గరగా వేశారు. మధ్యలో మా కొత్త కుంపటి, దాని మీద కాఫీ డేగిసా. అందరూ చేతులు చాపి కాచుకుని, పొగ లేదని మెచ్చుకున్నారు. నాయన పెట్టిన నిశ్చింత అందరికీ పంచబడింది.

మా పెదనాయన, అంటే నాయన అన్న, సంఘపెద్ద. ఆయన ప్రార్థన మొదలుపెడితే కలెక్టరు నుంచి కాపలావాడి దాకా ఒక్కరినీ వదలడు. ఆ రోజు ఎవరి వరకు వచ్చాడో నాకు తెలియదు. నాకు కళ్ళు బరువెక్కాయి. పెదనాయన ప్రార్థనలో నిద్ర రావడం మా ఇంట్లో కొత్త కాదు కనుక నేను అనుమానించలేదు. అమ్మ భుజం మీద వాలితే అమ్మ నా మీద వాలింది. పాటలు ఎత్తుకునే సువార్తమ్మ గట్టి గొంతు మనిషి, గట్టి మనిషి కూడా. ఆమె చరణం మధ్యలో ఆగిపోయి, చేతిలో కంజరతో సహా పక్కకు ఒరిగింది. ఇంకొకామె వాంతి చేసుకుంది. ఒకాయన ఊరికే ఏడవడం మొదలుపెట్టాడు. ఎవరో "పరిశుద్ధాత్మ దిగినాడు" అన్నారు.

ఆ మాట వినగానే పెదనాయన కళ్ళు తెరిచాడు. మా సంఘంలో పడిపోవడాలు, ఊగిపోవడాలు ఉండవు. అవన్నీ ఆత్మకూరులో అప్పుడే కొత్తగా వచ్చిన ఒక సంఘంవాళ్ళు చేసేవి. వాళ్ళను మావాళ్ళు చప్పట్లవాళ్ళు అనేవాళ్ళు. పెదనాయన లేచి నిలబడబోయాడు. గోడ పట్టుకుని, జారుతూ, "ఎవురూ పడొద్దండి. మనం బాప్టిస్టులం" అన్నాడు. అని, పడ్డాడు.

అవ్వ వక్కాకు ఉమ్మడానికి వీలుగా ఎప్పుడూ గడప దగ్గరే కూర్చునేది. తలుపు తీసి ఉమ్మి, లోపలికి చూసి, కొడుకును పిలిచింది.

"రేయ్, లోపల అందురూ పడిపోతా ఉండారు. నువ్వొచ్చి వాదించుకో."

నాయన గొడుగు పారేసి లోపలికి వచ్చాడు. దొరికినవాళ్ళను దొరికినట్టు చేతులు పట్టి అరుగు మీదికి, అరుగు నిండితే వీధిలోకి ఈడ్చాడు. వాన చినుకులు మొహాన పడి ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు. సువార్తమ్మ అందరికంటే ఆలస్యంగా తెరిచింది.

"యాడుండానురా నేను?"

"మా అరుగు మీదనే, అత్తా."

"పరలోకమనుకుంటి."

"ఇంకా రాలేదులే. కదలకుండా పండుకో."

ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. తలనొప్పి మాత్రం అందరికీ మరునాటిదాకా ఉంది. ఆ తలనొప్పితోనే మా అరుగు మీద అందరూ చేరి కారణం వెతికారు. పెదనాయన సువార్తమ్మను అనుమానించాడు. ఆమె ఆత్మకూరులో చుట్టాలింటికి పోయినప్పుడు చప్పట్లవాళ్ళ కూడికకు పోయిందని, ఆ ఆత్మేదో ఆమె వెంట బస్సెక్కి వచ్చిందని ఆయన సిద్ధాంతం. "పోయింది నిజమే గాని, నేనాడ చప్పట్లు కొట్టలేదు" అని సువార్తమ్మ ఏడ్చింది. అవ్వ, నిత్యం ప్రార్థన చేసుకునే మా బాప్టిస్టు అవ్వ, "ఇనప కుంపటి కాదురా, శని ఇంటికొచ్చింది" అంది. ఏ దేవుణ్ణి నమ్మినా శనిని మాత్రం మా ఊళ్ళో ఎవరూ వదులుకోలేదు.

నాయన ఎవరినీ నమ్మకుండా, ఎవరెక్కడ కూర్చున్నారో అడుగుతూ తిరిగాడు. మూసిన కిటికీ దగ్గర కూర్చున్న పెదనాయనకూ, కుంపటి పక్కన కూర్చున్న సువార్తమ్మకూ ఎక్కువ పట్టింది. తలుపు దగ్గరివాళ్ళకు తక్కువ. గడప మీద అవ్వకు ఏమీ లేదు. అరుగు మీద తనకూ ఏమీ లేదు. బడి నుంచి రసాయనశాస్త్రం పుస్తకం తెచ్చి చదివాడు. తరువాత అందరి ముందూ చెప్పాడు. తలుపులేసుకోవచ్చని తాను చెప్పిన మాట తప్పని, బొగ్గు కాలేటప్పుడు పొగ రాకపోయినా విషవాయువు వస్తుందని, దానికి రంగు లేదు, వాసన లేదు, ఊపిరితో రక్తంలోకి పోయి ప్రాణవాయువు కూర్చోవలసిన చోట అది కూర్చుంటుందని.

పెదనాయన శ్రద్ధగా విన్నాడు. విని, మెల్లగా అడిగాడు. "కంటికి కనపడదంటావు."

"కనపడదు."

"వాసన రాదంటావు."

"రాదు."

"కానీ ఉండాదంటావు. మనలోకి వస్తాదంటావు."

"ఉండాది. వస్తాది."

"ఇదే మాట ఇన్నేళ్ళూ నేను చెప్తే ఆధారం ఏంది, ఆధారం ఏంది అని ప్రాణం తీసినావు గదరా."

అరుగు మొత్తం నవ్వింది. సువార్తమ్మ తలపట్టుకుని మరీ నవ్వింది. నాయన పట్టు వదలకుండా, ఆధారం చూపిస్తానన్నాడు. కుంపటితోపాటు గదిలో ఒక ప్రాణిని పెట్టి తలుపులేసి చూద్దాం అన్నాడు. పెదనాయనింటి పుంజును అడిగాడు. అది క్రిస్మసుకని పెదనాయన ఇవ్వలేదు. మా కోళ్ళలో ఒకదాన్ని పెడతానంటే, గంప కాలినా బతికినవాటిని ఇప్పుడు చంపుతావా అని అవ్వ అడ్డం పడింది. ప్రయోగం అక్కడే ఆగిపోయింది. పెదనాయన తీర్పు చెప్పాడు. ఆ కుంపటి ఇంట్లో ఉన్నంతకాలం ఈ ఇంట్లో కూడిక ఉండదు.

అవ్వకు కూడిక లేని ఇల్లు ఇల్లు కాదు. కుంపటిని అవతల పడేయమని, కట్టెల పొయ్యి ఎక్కడికీ పోలేదని ఆమె అమ్మ వైపు చూసి అంది. అది నిజమే. వంటింటి మూలలో పొయ్యి అలాగే ఉంది, పక్కన చిల్లకంప మోపు అలాగే ఉంది. ఊదుగొట్టం గోడకు ఆనించి ఉంది. అమ్మ ఆ మూల వైపు చూసింది. నేను ఆమె కళ్ళు చూశాను. అవి అప్పటికి ఎరుపు తగ్గి కొంచెం తెల్లబడుతున్నాయి.

మగవాళ్ళ వాదంలో ఎప్పుడూ నోరు విప్పని అమ్మ అప్పుడు విప్పింది. "బావా, ఒక మాట. ఆ పొద్దు ప్రార్థన చానాసేపు చేసినారు గదా."

"చేసినా."

"కిటికీ మూసినారు, సందుల్లో గోనెలు కుక్కినారు. అంత ప్రార్థన యాడికి పోతాది? పైకి పొయ్యే దారి లేక, మిద్దెకు తగిలి మన నెత్తినే పడింది. అందుకే అందురికీ తలనొప్పి. మీ ప్రార్థన బరువైంది కాబట్టి ఎక్కువ తగిలింది. తలుపు కాడ ఉన్నోళ్ళకు తక్కువ, అది ఆడనుంచి బయటికి పోతా ఉండాది గనక. కిటికీ తెరిచి చేసుకుంటే కుంపటి ఏం చేస్తాది పాపం, ఇనప ముక్క."

పెదనాయన ఆలోచించాడు. తన ప్రార్థన బరువైందనే మాట ఆయనకు బాగా నచ్చిందని మొహం చూస్తేనే తెలిసింది. సువార్తమ్మ తన మీది అపవాదు పోయిందని ఊపిరి పీల్చుకుంది. అవ్వ అవునవునంది. సంఘం కదిలి మా ఇంటి కిటికీ తెరిచింది. గోనెపట్టాలు పీకి వీధిలో పారేసింది. అప్పటినుంచీ ఉదయగిరిలో మావాళ్ళ ఇళ్ళల్లో కూడిక జరిగినా, కుంపటి వెలిగినా ఒక కిటికీ తెరిచి ఉండేది. చలికి వణుకుతూ కూడా తెరిచే ఉంచేవాళ్ళు.

నాయన మాత్రం ఆ సాయంత్రం అన్నం తినలేదు. వంటింట్లోకి వచ్చి అమ్మ ముందు నిలబడ్డాడు.

"నీకు తెలిసే చెప్పినావా అది?"

"నీ మాట నాకు అర్థమయింది. అందురికంటే ముందే అర్థమయింది, నేను కుంపటి పక్కన కూర్చునేదాన్ని గదా. వాళ్ళకు అర్థమయ్యే మాట వాళ్ళకు చెప్పినా."

"అబద్ధం చెప్పినావు."

"కిటికీ తెరుచుకునిందా లేదా?"

"ఈ పొద్దు తెరుచుకునింది. నీ అబద్ధాన్ని నమ్మనోడు ఒకడు పుడతాడు. వాడు తెలివైనోడే అయి ఉంటాడు. ప్రార్థన కిటికీలో నుంచి పోతాదా అని నవ్వి, మూస్తాడు. ఆ పొద్దు వాడికి గాలి సంగతి ఎవురు చెప్తారే?"

"నువ్వుండవా?"

"నేనెందుకుంటా అప్పటిదాకా?"

"అయితే బిడ్డ ఉంటాదిలే," అని అమ్మ నా వైపు చెయ్యి చూపించి, కంచంలో అన్నం పెట్టింది. "తిను."

ఆ మరునాటి నుంచి నాయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. కుంపటి రాజేసే వేళకు తానే వచ్చి కిటికీ రెక్కలు బార్లా తీసి, ఇంటిల్లిపాదికీ వినబడేటట్టు "ఇది గాలి కోసం" అనేవాడు. అమ్మ విసనకర్ర ఆపకుండా "ఆమెన్" అనేది. ఆయన పళ్ళు కొరికేవాడు. కొన్నాళ్ళకు కిటికీ ఒక్కటే చాలదని ఆయనే లెక్క తేల్చి, కుంపటిని వెనక వసారాలోకి మార్చాడు. కుంపటికి అసలు చోటు ఇంటి బయటేనని, తెరిచిన కిటికీ సగం కాపలాయేనని చనిపోయేదాకా చెబుతూనే ఉన్నాడు. కుంపటి వసారాకు పోయినా కిటికీ తెరవడం, ఆ మాట అనడం మానలేదు. అమ్మ ఆమెన్ మానలేదు. వాళ్ళ కాపురంలో సరసమంటే నాకు తెలిసింది అదే. అమ్మ చివరిదాకా సూదిలో దారం తానే ఎక్కించుకుంది. సూది నా చేతికి మళ్ళీ రాలేదు.

ఇప్పుడు మన పెద్దల ప్రతి అలవాటులోనూ శాస్త్రం దాగి ఉందని చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు. రోజుకొకటి ఫోనులో వస్తుంది. ఈ కిటికీ కథ చెబితే దీన్నీ ఆ మూటలో కట్టేస్తారని నాకు తెలుసు. కట్టకండి. మా అవ్వ బూడిదలో శాస్త్రం లేదు, కాలిన కోళ్ళగంప ఉంది. మా పెదనాయన చప్పట్ల అనుమానంలో శాస్త్రం లేదు, సువార్తమ్మ కన్నీళ్ళున్నాయి. మా అమ్మ చెప్పిన ప్రార్థన దారిలో శాస్త్రం ఉందంటే, అది పూర్వీకులు పెట్టింది కాదు. మా నాయన నోట విని ఆమే పెట్టింది, కళ్ళు దక్కించుకోవడానికి. పెట్టి, పైన మూత వేసింది. మూత మాత్రమే చూసినవాడు దాన్ని గిన్నెతో సహా పారేస్తాడు. ప్రసాదు చేసింది అదే. అతని తప్పు లేదు. ఆ రోజుల్లో మాకు కుంపటితోపాటు మా నాయన వచ్చాడు, అది మాకు ఎంత విసుగైనా. ఇప్పుడు కుంపటి ఒక్కటే అట్టపెట్టెలో ఇంటికొస్తుంది. దాని వెంట వచ్చే కాగితం మన భాషలో ఉండదు, ఉన్నా మనం చదవం. అమ్మ ఉపాయం ఒక తరాన్ని కాపాడింది. నాయన కోపం ఆ తరువాతి తరం గురించి. ఇద్దరిలో ఎవరిది ఒప్పని నన్నడిగితే, ఇంతకాలం రాస్తూ నేను నాయన పక్షానే ఉన్నాను. ఇప్పుడూ అక్కడే ఉన్నాను. ఆ పక్షాన నిలబడటానికి నేను బతికి ఉన్నది మాత్రం అమ్మ అబద్ధం వల్ల.

వసారాలో కూర్చుని ఇదంతా విన్నాక ప్రసాదు కుంపటి వైపు చూశాడు. "ఆ వాయువు పేరు నేను ఇంటర్లో చదివినా పెద్దమ్మా. పరీక్షలో రాసినా కూడా. అది మా హాల్లో ఉండాదని మాత్రం తెలీలేదు," అన్నాడు. పడుకునే వేళకే ఇద్దరి తలనొప్పులూ సగం తగ్గాయి. కరుణ కుంపటి కింద మాడిన కాగితాన్ని తెచ్చి, మంట బొమ్మ, ఇంటి బొమ్మ, ఎర్ర ఇంటూ గుర్తు నాకు చూపించి, "ఇంటి మీద ఇంటూ ఉంటే, ఇల్లున్నోళ్ళు కొనొద్దని అనుకున్యా అత్తా. అప్పటికే కొనేసినాం," అంది.

పొద్దున నేను లేచేసరికి ముసురు తగ్గలేదు. వసారాలో, చూరు కింద, ఇటుకల మీద కుంపటి ఉంది. తువ్వాళ్ళు దండెం మీద ఆరుతున్నాయి. తల నున్నగా దువ్వుకున్న ప్రసాదు హాల్లోకి వచ్చి, తూర్పు కిటికీ రెక్కలు బార్లా తీశాడు. జల్లు లోపలికి కొట్టింది. నేను చూస్తున్నానని చూసి, బడిపిల్లవాడిలా నిటారుగా నిలబడ్డాడు.

"ఇది గాలి కోసం," అన్నాడు గట్టిగా.

వంటింట్లోంచి, గరిటె చప్పుడు ఆగకుండా, కరుణ "ఆమెన్" అంది. వాళ్ళ జేజి, అంటే మా అమ్మ, నోట చిన్నప్పుడు విన్నదే అయి ఉంటుంది. అదెక్కడిదో ఆమెకు నిన్నటిదాకా తెలియదు.

నాయన ఉంటే ఆ ఆమెన్‌కు ఆధారం అడిగేవాడు. నేను కాఫీ అడిగాను.